సగంలో ఆగిన కారు తెర

పని సగం నేర్చినవాడికుండే ధైర్యం పూర్తిగా నేర్చినవాడికి ఉండదు. ఇరవై ఒకటో ఏట నాకు ఆ ధైర్యం దండిగా ఉండేది. మిర్యాలగూడలో ఐటీఐ చదివి (రెండో ప్రయత్నంలో పాసై), సూర్యాపేటలో హైవే పక్కన కార్ల కరెంటు పనులు చేసే షెడ్డులో కొత్తగా చేరిన రోజులవి. మా ఉస్తాద్ ముప్పై ఏళ్ళుగా చెవితో విని, ముక్కుతో వాసన చూసి బండి రోగం చెప్పే మనిషి. నేను మాత్రం పాత ల్యాప్‌టాప్ ఒకటి చంకలో పెట్టుకుని తిరిగేవాణ్ణి. హారన్ మోగకపోయినా, లైటు వెలగకపోయినా ‘కంప్యూటర్ ప్రాబ్లం’ అని తేల్చేసేవాణ్ణి. దాంతో నా పేరే ‘కంప్యూటర్’ అయిపోయింది. ఒకసారి మా అమ్మ ఫోన్ చేసి నా అసలు పేరు చెబితే, అట్లాంటోడు ఈడ లేడని ఉస్తాదే పెట్టేశాడు.

ఉస్తాద్ చుట్టాల పెళ్ళికని మిర్యాలగూడ వెళ్ళిన ఒక మధ్యాహ్నం, షెడ్డు నా చేతిలో ఉండగా, ఒక పెద్ద కారు వచ్చి ఆగింది. కోదాడలో రైస్ మిల్లున్న ఆసామి, ఆయన భార్య. హైదరాబాద్ దవాఖాన నుంచి తిరిగి వెళ్తున్నారు. జబ్బేమిటో ఆయన చెప్పలేదు. ఆమె తలకు చుట్టుకున్న గుడ్డ, కనుబొమ్మలు లేని ముఖం చెప్పాయి. మందు ఎక్కించుకుంటున్నప్పటి నుంచి ఎండ తగిలితే ఆమెకు ఒళ్ళంతా మంటట. అందుకే ఆయన తన పాత బండి అమ్మేసి, బటన్ నొక్కితే వెనక తలుపు అద్దానికి తెర లేచే ఈ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఇప్పుడు సరిగ్గా ఆమె కూర్చునే వైపు తెరే సగం లేచి ఆగిపోయింది. ఆ దారంతా ఆమె చీర కొంగును అద్దానికి అడ్డం పట్టుకుని వచ్చిందట. ఎల్లుండి మళ్ళీ హైదరాబాద్ వెళ్ళాలని, ఎంత ఆలస్యమైనా ఉంటామని చెప్పి, ఆయన ఆమెకు కొబ్బరిబోండాం తేవడానికి రోడ్డు దాటాడు.

నేను ల్యాప్‌టాప్ తగిలించాను. అది ఏ తప్పూ లేదంది. తప్పు లేదని కంప్యూటరే చెబుతోందంటే తప్పు కంప్యూటర్‌దే అయ్యుంటుందని నా తర్కం. ఫ్యూజ్ మార్చాను, బాగానే ఉన్నదాన్ని. స్విచ్ విప్పి తుడిచాను, శుభ్రంగా ఉన్నదాన్ని. బటన్ నొక్కితే తలుపు లోపల మోటారు గుర్రుమంటోంది, తెర మాత్రం కదలడం లేదు. మోటారు తిరుగుతోందంటే కరెంటు అందుతోందని, అడ్డం ఎక్కడో గేరు దగ్గర ఉందని ఉస్తాద్ అయితే ఆ చప్పుడుకే చెప్పేవాడు. నాకు అది తట్టడానికి గంట పట్టింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఆమె, నేను స్క్రూడ్రైవర్ తీసినప్పుడల్లా, ‘ఉండనియ్యి బిడ్డా, తలుపు ఇప్పకు, నేను కొంగు పట్టుకుంటలే’ అంటోంది. నా పనితనం మీద నమ్మకం లేదనుకుని నాకు పౌరుషం వచ్చింది. మోటారు అంటే ఏమిటో, గేరు అంటే ఏమిటో ఆమెకు చిన్న ఉపన్యాసం ఇచ్చి, ఆ ఊపులో తలుపు లోపలి అట్ట ఊడదీశాను (రెండు క్లిప్పులు విరిగాయి, కాలితో పక్కకు తోశాను).

తెర చుట్టుకునే గొట్టం కింద, గేరు పళ్ళ నిండా తెల్లటి ముద్ద ఉంది. సున్నం అనుకున్నాను. వేలితో గీరితే గులాబీ రంగు తేలింది. ఇంకాస్త లోపలికి చెయ్యి పెడితే గుప్పెడు వచ్చాయి. మందుబిళ్ళలు. కొన్ని కరిగి, కొన్ని విరిగి, కొన్ని నిన్ననే కొన్నట్టు నున్నగా.

నేను తల తిప్పాను. ఆమె రోడ్డు వైపు చూస్తోంది. ఆయన బోండాం కొట్టేవాడి దగ్గర నిలబడి ఉన్నాడు.

‘అవి ఏసుకుంటే మూడు దినాలు లేవలేను బిడ్డా. నీళ్ళు గూడ కక్కుకుంట’ అంది మెల్లగా. ‘ఏసుకోనంటే ఆయన పసిపోరని లెక్క ఏడుస్తడు. అందుకే నోట్ల పెట్టుకున్నట్టు జేసి తెర సందుల ఏస్తున్న. ఇంటికాడియి మందారం చెట్టు మొదట్ల.’ ‘ఆయనకు జెప్పకు’ అంది.

బిళ్ళలు కాగితంలో పొట్లం కట్టి దాచి, గేరు తుడిచి, గ్రీజు రాసి, అట్ట బిగించాను. తెర మెత్తగా పైకి లేచి అద్దాన్ని కప్పేసింది. ఆయన వచ్చి రోగమేమిటని అడిగాడు. కంప్యూటర్ ప్రాబ్లం సార్, రీసెట్ చేశానన్నాను. అంతవరకూ ఆ మాట తెలియక అన్నవాణ్ణి, మొదటిసారి తెలిసి అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంత చిన్న వయసులో ఎంత తెలివని భుజం తట్టి, ఆమెను చెయ్యి పట్టుకుని కారెక్కించాడు.

మర్నాడు పొద్దున ఉస్తాద్ రాగానే అంతా చెప్పేశాను. గొప్పగా మొదలుపెట్టాను గానీ చివరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. ఆయన నేను దాచిన బిళ్ళల పొట్లం విప్పి చాలాసేపు చూశాడు.

‘తెర లేసింది. గామె లేస్తదారా?’ అన్నాడు. అంతకుమించి తిట్టలేదు. తిడితే బాగుండేది.

కోదాడ బస్సెక్కాను. మునగాల దాటేదాకా ఏం చెప్పాలో లోలోపల అప్పజెప్పుకుంటూనే ఉన్నాను. మిల్లు ఆవరణలో ఆయన ఎదురుపడేసరికి అదంతా గాలికి పోయింది. ‘సార్, మోటారు మంచిదే. గేరు పళ్ళ మధ్యన మందుబిళ్ళలు అడ్డం పడ్డయి. పై సందులోంచి లోపలికి పడ్డయి. వాటంతటవే పడేటివి గావు’ అని, జేబులోని పొట్లం చేతికిచ్చి, పళ్ళు అరిగితే తెర మళ్ళీ ఆగుతుందని కూడా చెప్పాను. ఆపడం చేతకాక గేరు గురించి ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాను. ఆయన పొట్లం విప్పి చూసుకుని, అక్కడే వడ్ల బస్తా మీద కూలబడిపోయాడు.

‘నా ముందే వేసుకునేది బాబూ. నేనే నీళ్ళు పట్టేవాణ్ణి’ అన్నాడు.

ఆవరణలోనే ఉన్న ఇంట్లోంచి ఆమె వచ్చింది. నన్ను చూసి, ఆయన చేతిలో పొట్లం చూసి, ‘నిన్ను నమ్మితి గద బిడ్డా’ అంది. కోపంగా కాదు. ఆయన ఏడవలేదు. లేచి ఆమె దగ్గరకు వెళ్ళి, ‘మింగలేకపోతే మింగలేనని నాతో చెప్పవచ్చుగా’ అన్నాడు. ‘నీతోని జెప్పేదే కష్టం’ అని ఆమె అంది.

మర్నాడు హైదరాబాద్‌లో డాక్టరుతో ఇద్దరూ అంతా చెప్పారని, ఆ డాక్టరు మందు మార్చి, వాంతులు తగ్గడానికి వేరేది ఇచ్చాడని తర్వాత తెలిసింది. ఆ ఏడు ఆమె మళ్ళీ అన్నం తిన్నది. మరుసటేడు వానాకాలం దాకా ఉంది. ముందే వేసుకుని ఉంటే ఇంకెంత కాలం ఉండేదో ఎవరూ చెప్పలేదు, నేను ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు నాకు సొంత షెడ్డుంది, జుట్టు కొంచెం నెరిసింది. అప్పుడప్పుడు ఆ రోజు మిల్లులో ఉన్న కుర్రాడు, అప్పటి నేనే, గుర్తొస్తాడు. భార్యాభర్తలిద్దరూ వరండాలో ఒకరి పక్కన ఒకరు కూర్చుంటే, వెళ్ళిపోవాలో ఉండాలో తెలియక, వాడు ఎవరూ అడగకుండానే అక్కడే నిలిపి ఉన్న కారు తలుపు తీసి, బాగానే పనిచేస్తున్న తెరను పైకీ కిందికీ ఆడిస్తూ నిలబడ్డాడు. మొహం చాలా గంభీరంగా పెట్టుకుని, ప్రతిసారీ చెవి ఆనించి వింటూ. పదిసార్లైనా ఆడించి ఉంటాడు పాపం.