బోణీ కాకముందు వచ్చిన చిన్నాయన

పొద్దున్నే బజారులో షట్టర్లు ఒక్కొక్కటే లేస్తుంటే ఆ గరగర చప్పుడుకు నేను ఇప్పటికీ తలెత్తి వీధిలోకి చూస్తాను. నాకు సొంత చీరల దుకాణం ఉంది. కొత్తిమీర కొసరు వేయించుకోకుండా కూరగాయల బండి దగ్గర్నుంచి కదలదని సిద్దిపేటలో పేరు కూడా ఉంది. అయినా మొదటి మనిషి గడప తొక్కేదాకా వచ్చేది ఎవరోనని భయపడుతూనే ఉంటాను. అప్పుడు మణెమ్మ పెద్దమ్మ గుర్తొస్తుంది.

ఆమె మాకు చుట్టం కాదు. అమ్మ, బాపు కోర్టులో విడిపోయాక అమ్మ చీరల దుకాణం పెట్టుకుంది. దాని పక్కన మణెమ్మది స్టీలు సామాన్ల దుకాణం. బేరం నాకు నేర్పింది ఆమే. ఒక సెలవు రోజు గొల్లభామ చీర చూస్తున్న ఒకామె పరుపు మీది నుంచి లేవగానే నేను బెదిరి ధర తగ్గించేశాను. ఆమె కొనుక్కుని వెళ్లాక మణెమ్మ తన గడపలోంచే అడిగింది.

"చెప్పులేసుకున్నదా ఆమె?"

"లేదు పెద్దమ్మా."

"మరి గప్పుడే ఎందుకు తగ్గినవ్? లేసినోళ్లందరు పోరు బిడ్డా. నీకు భయమైందని ఆమెకు తెలిసింది, గంతే."

నేను డిగ్రీలో ఉండగా బాపు గుండెపోటుతో పోయాడు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. పెళ్లయిన కొత్తలో తీసుకున్న బీమా పాలసీలో నామినీగా అమ్మ పేరే ఉంది. విడాకుల తర్వాత మార్చడం మరిచాడో, కావాలనే ఉంచాడో అడగడానికి మనిషి లేడు. విడిపోయినదానికి హక్కేమిటని బాపు తమ్ముడు, మా చిన్నాయన, పదిమందిలో అంటూ తిరిగాడు. ఆ డబ్బు రాకపోతే నా చదువు ఆగిపోతుంది. అడిగితే ఆయన ఏం చేస్తాడోనని అమ్మ భయం. దుకాణం ముందు బండి ఆగిన చప్పుడైతే ఇద్దరం మాట్లాడడం మానేసేవాళ్లం.

మా బజారులో బోణీ కాకముందు ఎవరికీ 'లేదు' అనరు. మొదట వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపితే ఆ రోజంతా అంతేనని నమ్మకం. అందుకే ఉద్దెర కింద, అంటే అప్పు మీద, సరుకు అడిగేవాళ్లు కూడా ఆ వేళ రారు, అదొక మర్యాద. చిన్నాయనదీ వ్యాపారమే, ఆయనకు ఇదంతా తెలుసు. ఒక పొద్దున మేం అగరుబత్తి వెలిగించామో లేదో, ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. పాలసీ మీద అమ్మకు గానీ నాకు గానీ హక్కు లేదని ఆమే ఒప్పుకున్నట్టున్న కాగితం ముందు పెట్టాడు.

"వదినె, బోణి వేళ వచ్చిన. వట్టిగ పంపకు," అన్నాడు నవ్వుతూ.

అమ్మ చెయ్యి పెన్ను అందుకుంది. అంత భయంలోనూ నా బుర్ర బేరానికే పోయింది. సగం అడుగుదామా, మూడో వంతుకు దిగుదామా అని. అది అసలు అమ్మకానికి పెట్టే సరుకే కాదని ఈ గడుసు బేరగత్తెకు తట్టలేదు.

అప్పుడు మణెమ్మ లోపలికి వచ్చింది. ఆమె దుకాణంలోనూ ఇంకా బోణీ కాలేదు. అది కాకముందు చేతి నుంచి పైసా వదిలే మనిషి కాదు. చాయ్ పైసలకు కూడా ఆగమనేది.

"చెల్లె, ఒక జాకెట్ గుడ్డ ఇయ్యి. ఏ రంగైనా మంచిదే."

ధర అడగలేదు. కొంగుముడి విప్పి నోటు అమ్మ చేతిలో పెట్టింది.

"బోణయింది. ఇగ నీ మనసుల ఉన్నది చెప్పు."

"మా ఇంటి ముచ్చట్ల నీకేం పనమ్మా?" అన్నాడు చిన్నాయన.

"నాకేం పని నాయినా. గుడ్డ కొననీకి వచ్చిన. నువ్వేం కొంటవ్?"

వెంట వచ్చినవాళ్లలో ఒకడు నవ్వు ఆపుకోవడానికి తల తిప్పుకున్నాడు. అమ్మ పెన్ను కింద పెట్టింది.

"సంతకం పెట్టనే పెట్ట మర్ది. నా ఒక్కదానిదైతే ఇడిచిపెడుదును. గిది నా బిడ్డది."

కోర్టులో చూసుకుందామంటూ ఆయన వెళ్లిపోయాడు. వాయిదాలు నడిచినన్నాళ్లూ మాకు అన్నం సహించలేదు. చివరికి బాపు వారసురాలిని నేనేనని తేలింది, పాలసీ డబ్బు చేతికొచ్చి ఫీజులకు చేసిన అప్పు తీరింది.

ఆ రోజు మాత్రం పొద్దుగూకేదాకా మణెమ్మ దుకాణంలో ఒక్క గ్లాసు కూడా అమ్ముడుపోలేదు. నీకు భయం కాలేదా పెద్దమ్మా అని అడిగాను.

"ఎందుక్కాలే. మీ గడప ఎక్కుతుంటే కాళ్లు గజగజ వణికినయ్. వణికితేంది, నడుస్తయ్ గదా."

ఆమె ఇప్పుడు లేదు. పక్క దుకాణంలో ఎవరో ఎవరినో బెదిరిస్తున్న గొంతు వినబడితే నాకు ఇంకా ఒళ్లు చల్లబడుతుంది. నాకెందుకు, నా గిరాకీ ఏమవుతుంది అని లోపల బేరం మొదలవుతుంది. ఆ బేరం తెగకముందే గల్లాపెట్టెకు తాళం వేసి ఆ గడప వైపు నడుస్తాను.