పచ్చగా మెరిసిన మోకాలు

టైల్స్ మేస్త్రికి మొదటినుంచీ ఒకటే జబ్బు: ఏ పనైనా చివరికి ఏమైందో కళ్లారా చూడందే ఊరుకోడు. కుడి మోకాలు మార్చేటప్పుడు, కోసి తీసిన ముక్కను పరిశోధనకు ఇస్తారా అని అడిగితే, "ఇస్తా, కానీ దాంతో ఏం చేశారో నాకు చూపించాలి" అని పట్టుబట్టాడు. చూపిస్తామని మాటిచ్చేదాకా వదల్లేదు మహానుభావుడు!

ఇవాళ ల్యాబ్ నుంచి కబురొచ్చింది. కూతుర్ని వెంటేసుకుని ఆఘమేఘాల మీద వెళ్లాడు. ఆమె కూడా తండ్రి దగ్గరే పని నేర్చిన మేస్త్రి. పొద్దస్తమానం మోకాళ్ల మీదే పని. ఈమధ్య గోడ పట్టుకుని లేస్తోంది. మేస్త్రికీ ఒకప్పుడు అలాగే మొదలైంది. అది చూసిన దగ్గర్నుంచీ ఆయనకు ముద్ద దిగడం లేదు.

పరిశోధకురాలు మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టింది. మేస్త్రి కన్ను ఆనించాడు. చిమ్మచీకట్లో పచ్చటి చుక్కలు!

"ఓరి నాయనో! ఇది నా మోకాలేనా?"

"మీదే బాబాయ్. మేం రంగేస్తే అలా మెరిసేవి కణాలకుండే తలుపులనుకోండి. గంజాయిలాగే పనిచేసే రసాయనాలు మన ఒంట్లోనే పుడతాయి. అవొచ్చి ఈ తలుపులు తడితే నొప్పి, వాపు తగ్గుతాయి."

"అంటే నాన్న ఒంట్లోనే గంజాయి తోటుందా? ఉండు, అమ్మకి చెప్తా!" కూతురు పకపకా నవ్వింది.

"నోర్ముయ్యవే!" అని కూతుర్ని కసిరి, పరిశోధకురాలిని అడిగాడు. "మరి మందుతో తలుపు తడితేనో తల్లీ?"

"తట్టి చూశాం. మీ కణాల్లో వాపు పెంచే పదార్థం బాగా తగ్గింది."

మేస్త్రి ఎగిరి గంతేసినంత పని చేశాడు. కొత్త మోకాలన్న సంగతే మరిచిపోయాడు. "విన్నావే? నీ మోకాళ్లు గట్టెక్కినట్టే!"

"అప్పుడే కాదు బాబాయ్," పరిశోధకురాలు నసిగింది. "ఎలుకల్లో బాగానే ఉంది. ఇలాంటి మందే ఒకటి మనుషులకిచ్చి చూస్తే చతికిలబడింది. ఎందుకో తేలాలంటే ఇంకా చాలా మోకాళ్లు చూడాలి. అవి దొరకడమే గగనంగా ఉంది."

మేస్త్రి కూతురి వైపు చూశాడు. ఆమె మైక్రోస్కోప్‌లోకి వంగి, తండ్రి మోకాలిని చూసి మురిసిపోతోంది. ఆయన గబగబా ప్యాంటు పైకి లాగాడు.

"ఇదిగో, ఎడమది. ఇదీ అరిగిపోయింది. ఎప్పుడు కోస్తారు?"

కూతురు తలెత్తింది. "రెండోది చచ్చినా కోయించుకోనని మొన్నటిదాకా ఇల్లు పీకి పందిరేశావు కదా నాన్నా!"

"నువ్వు పని మానవుగా మరి," అని పరిశోధకురాలి వైపు తిరిగాడు. "త్వరగా కానీండమ్మా."