ఎర్ర కచ్చా దారం

మాస్టర్ ఎడమ చేత్తో కోటు కాలరును అదిమిపట్టి, కుడిచేతి గోటితో ఎర్రదారం కొసను పైకి లేపాడు. కచ్చా కుట్టు అది. మిషను కుట్టు పడేదాకా గుడ్డ జరగకుండా ఉండడానికి చేత్తో వేసే పొడుగాటి కుట్లు. పని కాగానే ఊడదీసి పారేస్తారు. ఒక్క లాగుకి దారమంతా తెగకుండా రావాలి, అదీ అతని పట్టింపు. వచ్చింది.

మామూలుగా అయితే ఈపాటికి బల్ల కింద నుంచి బాబిన్ దూకేది. మిషనులో దారం చుట్టే బాబిన్‌లా గుండ్రంగా, ఎప్పుడూ ఏదో ఒకటి చుట్టుకుని తిరుగుతుందని అక్క ఆ పిల్లికి పెట్టిన పేరు. మాస్టర్ ఆ దారాన్ని గాల్లో ఆడిస్తే అది వెనక్కాళ్ల మీద లేచి అందుకునేది. కోట్లు తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. ఆ నవ్వులంటే అతనికి ఇష్టం. చెప్పేవాళ్లెవరూ లేక పాత కోట్ల కుట్లు విప్పి చూసి పని నేర్చుకున్న మనిషి. మాట్లాడి మెప్పించడం చేతకాదు. పిల్లి ఆ లోటు తీర్చింది.

"దారంతో ఆడించకురా, మింగి చస్తుంది" అని అక్క ఎన్నిసార్లో చెప్పింది. మానేశానని ఒట్టేశాడు. లోపలి గదిలో కాజాలు కుట్టుకునే అక్కకి ముందు గదిలో ఏం జరిగేదీ కనపడదు.

ఈ రోజు బాబిన్ దూకలేదు. లోపల అక్క ఒళ్లో ఉంది. పొద్దుటి నుంచీ నురగ కక్కుతోంది.

"ఆ కోటు పారిపోదుగానీ, బుట్ట తీసుకురా" అంది అక్క గడపలోకి వచ్చి. "డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

పశువుల ఆస్పత్రి ముందు గదిలో, కుక్కని పట్టుకుని, ఆ కోటు కుట్టించుకుంటున్న లెక్చరరే కూర్చుని ఉన్నాడు. "మాస్టర్ కొట్టు చూడాలి సార్, అద్దంలా ఉంటుంది" అని పక్కాయనకి చెబుతున్నాడు. మాస్టర్ ఆ మాట విన్నాడు.

డాక్టరమ్మ తలుపు తెరిచే ఉంచి పిల్లి పొట్ట తడిమింది. నోరు తెరవబోతే అది గోళ్లు దించింది.

"ఏమైనా మింగిందా? దారం, రబ్బరు బ్యాండు, సూది?"

అక్క తమ్ముడి వైపు చూసింది. ముందు గదిలో లెక్చరరు మాట ఆపి వింటున్నాడు.

"మా కొట్టులో దారం ముక్క కూడా నేల మీద ఉండదండి" అన్నాడు మాస్టర్.

"బాగా ఆలోచించి చెప్పండి. నేనిచ్చే ఇంజెక్షను వాంతిని ఆపుతుంది, వాంతికి కారణాన్ని ఆపదు. లోపల ఏదైనా అడ్డుపడి ఉంటే ఇది ఇవ్వకూడదు. రోగం అలాగే ఉంటుంది, మనకి కనపడకుండా పోతుంది."

"లేదండి."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో అతనికే ఆశ్చర్యం వేసింది. డాక్టరమ్మ ఇంజెక్షను చేసి, చర్మం కిందికి సెలైను ఎక్కించి, "తిండి ముట్టకపోతే మాత్రం వెంటనే తీసుకురండి" అంది.

వాంతులు ఆగిపోయాయి. అక్క మొహం విప్పారింది. "ఆ తల్లి చేతి చలవరా" అని దారిన పోయేవాళ్లకి కూడా చెప్పింది. మాస్టర్ కూడా గండం గడిచిందనుకున్నాడు. అబద్ధమే నిజమైపోయిందేమో అని లోలోపల సంబరపడ్డాడు. ఎందుకైనా మంచిదని నేల ఊడ్చాడు, బల్ల కింద చూశాడు, చెత్తబుట్ట బోర్లించాడు. అంతకుముందు రోజు పిల్లిని ఆడించిన దారం ఎక్కడా లేదు.

మర్నాడు కూడా బాబిన్ తిండి వాసన చూసి మొహం తిప్పుకుంది. ఇస్త్రీ బల్ల కింద వీపు గూనిగా పెట్టి, కళ్లు సగం మూసి కూర్చుంది. కక్కడం లేదు గనక అక్కకి ధైర్యంగానే ఉంది. "నీరసంరా, మెల్లగా తేరుకుంటుంది" అంది.

అక్క స్నానానికి వెళ్లాక మాస్టర్ పిల్లిని మోకాళ్ల మధ్య ఇరికించి నోరు తెరిచాడు. ఈసారి దానికి పెనుగులాడే ఓపిక లేదు. నాలుక మొదట్లో సన్నటి ఎర్రటి గీత కనపడింది.

లాగేద్దామని వేళ్లు వెళ్లాయి. కొసని తాకి ఆగిపోయాయి. ఒక కొస బిగిసిపోయిన దారాన్ని లాగితే గుడ్డ ఏమవుతుందో ఆ వేళ్లకి తెలుసు. పరికిణీలకి కుచ్చులు పోసేది అలాగే. అతను దారం వదిలేసి అక్కడే నేల మీద కూలబడ్డాడు.

తల తుడుచుకుంటూ వచ్చిన అక్క, "ఏమైంది?" అంది.

"దారం మింగిందక్కా. నేనే ఆడించాను."

"ఎప్పుడు?"

"రోజూ."

అక్క చేతిలో తువ్వాలు ఆగిపోయింది. "డాక్టరమ్మ అడిగిందిగా."

"లెక్చరరు వింటున్నాడు."

తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండేది. అక్క బుట్ట తెచ్చి, అతన్ని పక్కకి జరిపి, పిల్లిని తనే ఎత్తుకుంది.

ఆస్పత్రిలో అతను అడక్కముందే చెప్పాడు. ముందు గదిలో జనం ఉన్నారు. తలుపు తెరిచే ఉంది. అయినా గొంతు తగ్గించలేదు. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ వింది.

"లాగారా?"

"లేదండి."

"అదొక్కటీ మంచి పని చేశారు. నిన్ననే చెప్పి ఉంటే ఆ ఇంజెక్షను జోలికి పోయేదాన్ని కాదు, మత్తిచ్చి నోరు చూసేదాన్ని. ఇప్పటికి పేగు కుచ్చులు పడిపోయి ఉంటుంది. కోత తప్పదు. బతుకుతుందని మాటివ్వలేను."

ఆ పూటంతా అక్కాతమ్ముళ్లు ఒకే బెంచీ మీద చెరో కొసన కూర్చున్నారు. తలుపు తెరుచుకునేసరికి ఇద్దరూ ఒక్కసారే లేచారు. డాక్టరమ్మ గాజు గిన్నెలో తడి ఎర్రదారం చూపించింది. ఎక్కడా తెగలేదు. మాస్టర్ తల తిప్పుకున్నాడు.

"పేగు తెగలేదు, అదృష్టం. వాంతి మందు మళ్లీ ఇస్తున్నాను. ఇప్పుడు అడ్డు లేదు గనక దాని పని అది చేస్తుంది. కక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. పైగా కడుపులో తిప్పుతుంటే తిండి ముట్టదు. ఇంకొకటి, కుట్లు నాక్కోకుండా ఒంటికి ఏదైనా తొడగాలి. మెడకి వేసే గరాటులాంటి పట్టీ దీనికి పెద్దదైపోతోంది."

"నేను కుడతాను" అన్నాడు మాస్టర్. ఆ మాట కూడా గొప్పకి పోయినట్టు వినపడింది అతనికి. "కుట్టమంటేనే" అని కలిపాడు.

మత్తులో ఉన్న పిల్లికి టేపు పెట్టి మెడ, ఛాతీ, నడుము కొలిచాడు. కొట్టుకి వచ్చి తన పాత బనీను ఉతికి, ఆరబెట్టి, కత్తిరించాడు. కచ్చా కుట్టు వేయలేదు. గుడ్డని చేత్తోనే పట్టుకుని, మిషను మెల్లగా తొక్కుతూ కుట్టాడు. నాలుగు కాళ్లకీ కన్నాలు పెట్టాడు, వీపు మీద కట్టుకోవడానికి నాడాలు పెట్టాడు. కుట్లన్నీ లోపలికి మడిచి, కొసలు ముడివేసి, మొదలంటా కత్తిరించాడు. నాడాలు దూర్చే కాజాల పని మాత్రం అక్క ముందు పెట్టాడు. అక్క కుట్టి ఇచ్చింది.

ఆస్పత్రికి తిరిగి వెళ్లాక, డాక్టరమ్మ ముందు అతను చొక్కా చాచేలోగా అక్క దాన్ని తీసుకుంది. తిరగేసింది. ప్రతి కుట్టు మీదా వేలు నడిపి, ఎక్కడైనా దారం కొస తగులుతుందేమోనని వెతికింది. లెక్చరరు కోటుని కూడా ఎవరూ అలా చూసి ఎరగరు. మాస్టర్ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

ఏమీ తగల్లేదు. అక్క చొక్కాని మళ్లీ మంచివైపుకి తిప్పి, డాక్టరమ్మ చేతిలో పెట్టింది.