వడ్లు ఎత్తిన రోడ్డు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. పదిహేడేళ్ళ వయసు అలాంటిది. ఇప్పుడు ముప్పైకి దగ్గరపడ్డాక రోజుకొకటి చొప్పున తెలియనివి బయటపడుతున్నాయి గాని, అప్పుడు నేను విమానం నడపడం నేర్చుకుంటున్న పిల్లను, వాతావరణం పేపరు మొదటిసారికే పాసైనదాన్ని, పైగా మా ఊళ్ళో ఆకాశాన్ని పుస్తకంలో చదివిన మొట్టమొదటి మనిషిని. మా ఊరు వనపర్తి దాటి కోడేరు వైపు పోయే దారిలో ఉంటుంది. అక్కడ నా అసలు పేరు ఎప్పుడో మరుగున పడిపోయింది. చిన్నా పెద్దా అందరికీ నేను 'ఇమానం పిల్ల'నే. (మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు మా పెద్దమ్మ నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇమానం నడిపేదానివి గింత సన్నగుంటే గాలికి కొట్టుకపోవా?" అని రెండు జొన్నరొట్టెలు ఎక్కువ వడ్డించింది.)

విమానం నేర్చుకునేవాళ్ళు పొద్దస్తమానం మబ్బుల్లో తిరుగుతుంటారని బయటివాళ్ళు అనుకుంటారు. నిజానికి కార్తీకమాసంలో మా రోజు ఇలా గడిచేది. తెల్లవారగానే స్వెట్టరు తొడుక్కుని, పాత గుడ్డ ఒకటి పట్టుకుని విమానం రెక్కల మీద పడ్డ మంచు తుడవాలి. ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోలు గాజుగొట్టంలోకి తీసి, అందులో నీళ్ళేమైనా చేరాయేమో వెలుతురుకు పట్టి చూడాలి. ఆ తర్వాత పొగమంచు విడిచేదాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాలి. మంచు విడిచాక వంతు వచ్చేదాకా కూర్చోవాలి. వంతు వచ్చేసరికి విమానానికి ఏదో చిన్న మరమ్మతు వస్తుంది, అది అయ్యేదాకా మళ్ళీ కూర్చోవాలి. సాయంత్రం నాయిన ఫోను చేసి, "ఇయ్యాల ఎంతసేపు ఎగిరినవ్ బిడ్డా?" అని ఆశగా అడిగితే, "కూసున్న నాయినా" అని చెప్పడానికి సిగ్గుగా ఉండేది. అందుకని ఎగరడం గురించి కాకుండా మబ్బుల గురించి చెప్పేదాన్ని. ఏ మబ్బు వానమబ్బు, ఏది ఉత్తమబ్బు, అల్పపీడనమంటే ఏమిటి, గాలి ఎటు తిరిగితే ఏమవుతుంది, అన్నీ. నాయిన శ్రద్ధగా విని, తర్వాత హోటలు దగ్గర పదిమందికి చెప్పేవాడు. అట్లా నాకు తెలియకుండానే నేను మా ఊరి వాతావరణ కేంద్రమైపోయాను.

మాకు నేర్పే కెప్టెన్ సారు తక్కువ మాట్లాడే మనిషి. మనం చేసిన తప్పును కూడా ఆయన చెప్పడు, ప్రశ్న అడుగుతాడు, మనమే చెప్పుకోవాలి. ఒంటరిగా దూరప్రయాణం చేసే రోజు దగ్గరపడుతుండగా ఒకసారి పక్కన కూర్చుని నాతో ఆ దారంతా తిప్పాడు. మా ఫ్లయింగ్ స్కూలు నుంచి గద్వాల, గద్వాల నుంచి నాగర్‌కర్నూలు, అక్కడి నుంచి మళ్ళీ స్కూలు. దారి పొడవునా కింద కనిపించే గుర్తులు మనమే ఎంచుకుని కాగితం మీద రాసుకోవాలి. గద్వాల దగ్గర కృష్ణ ఉంది, జూరాల నీళ్ళున్నాయి, గుడ్డివాడు కూడా తప్పిపోడు. కొత్తకోట దగ్గర లారీలతో నిండిన హైవే ఉంది. దాని తర్వాతే కష్టం. ఎర్రమట్టి చెల్కలు, చిన్నచిన్న కుంటలు, సన్న రోడ్లు, అన్నీ ఒకే పోలికలో ఉంటాయి. సరిగ్గా అక్కడ, కొంచెం కుడివైపున, మూడు కిలోమీటర్ల పొడవున ఒక రోడ్డు పసుపు ఆరేసినట్టు మెరుస్తూ కనిపించింది. నా గుండె ఒక్కసారి ఎగిరింది. అది మా ఊరు. మా ఊరి వడ్లు. కోతలై, ఊరంతా రోడ్డు మీద ఒక పక్క పొడుగునా ఆరబోసిన వడ్లు. ఇంత మంచి గుర్తు ఆకాశంలో ఎవరికి దొరుకుతుంది! కాగితం మీద 'పసుపు రోడ్డు, ఇక్కడ ఎడమకు తిరగాలి' అని రాసుకున్నాను. సారు దాన్ని చూసి సంతకం పెట్టాడు. నేను రైతుబిడ్డను. వడ్లు ఎన్నాళ్ళు ఆరతాయో పుట్టినప్పటినుంచి చూస్తున్నదాన్ని. అయినా ఆ పూట ఆ సంగతి నాకు తట్టనే లేదు. విమానంలో కూర్చున్నాక నేను రైతుబిడ్డనన్నది కిందనే ఉండిపోయినట్టుంది.

మూడో రోజు మధ్యాహ్నం నాయిన ఫోను చేశాడు. గొంతులో పరేషాన్ వినిపించింది.

"బిడ్డా, బంగాళాఖాతంల ఏందో లేసిందంటుండ్రు. వడ్లు ఎత్తాల్నా, ఉంచాల్నా? తడిస్తే వడ్లు కొనే సెంటరోళ్ళు తేమ ఉందని తీస్కోరు. ఊరోళ్ళందరు నిన్ను అడగమన్నరు."

ఊరోళ్ళందరూ! నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. సెల్‌ఫోన్‌లో మ్యాపు చూశాను, గాలి దిక్కు చూశాను, పుస్తకంలో చదివినదంతా గుర్తు చేసుకున్నాను, గొంతు కొంచెం సవరించుకున్నాను. "రేపు తప్పకుండ వస్తది నాయినా. పొద్దుగూకే లోపల ఒక్క గింజ రోడ్డు మీద ఉండొద్దు. అందరికి చెప్పు" అన్నాను. చెప్పినట్టే చేశారు. ఆ సాయంత్రం ఆడా మగా, బడి పిల్లలతో సహా రోడ్డు మీదికి వచ్చి, వడ్లు కుప్పలు చేసి, సంచులకెత్తి, మిగిలినవాటి మీద పట్టాలు కప్పి రాళ్ళు పెట్టారట. "ఇమానం పిల్ల చెప్పిందంటే ఆషామాషీనా?" అని మా పెద్దమ్మ ఒక్కొక్క ఇంటికీ పోయి చెప్పిందట. ఆ మాట విని ఆ పూట మెస్సులో అన్నం కూడా కొంచెం గర్వంగానే తిన్నాను.

మర్నాడు ఆకాశం కడిగిన గిన్నెలా ఉంది. అల్పపీడనం నన్ను అడక్కుండా ఒడిశా వైపు వెళ్ళిపోయింది. మబ్బు తునక లేదు, గాలి లేదు. సారు ఒకసారి పైకి చూసి, "ఇవాళ ఒంటరిగా వెళ్ళొస్తావా?" అన్నాడు. అది ప్రశ్న కాదని నాకు తెలుసు. ఈ ప్రయాణం సరిగ్గా చేస్తే నేను ముందుకు పోతాను, చేయలేకపోతే మళ్ళీ రన్‌వే చుట్టూ గిరికీలు కొట్టేవాళ్ళ బ్యాచిలో పడతాను. మా బ్యాచిలో అప్పటికే ఇద్దరు అట్లా వెనక్కి పోయారు, వాళ్ళ ముఖాలు నాకు గుర్తున్నాయి.

గద్వాల దాకా హాయిగా సాగింది. జూరాల నీళ్ళు ఎండకు తళతళమంటున్నాయి. కొత్తకోట హైవే దాటాను. వనపర్తి ఇళ్ళు కింద నుంచి వెనక్కి జరిగాయి. గడియారం చూసుకున్నాను, సరిగ్గా సమయానికే ఉన్నాను. ఇక పసుపు రోడ్డు రావాలి. రాలేదు. ఇంకో నిమిషం చూశాను, రాలేదు. కింద నాలుగైదు రోడ్లు కనిపిస్తున్నాయి, అన్నీ ఒకే నల్లరంగు, మనిషికి మనిషికి తేడా తెలియని పెళ్ళిఫోటోలాగా. దిక్సూచి చెప్పేది సరిగ్గానే ఉందని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం దిక్సూచి చెడిపోయిందనుకున్నాను గాని, ఊళ్ళో వడ్లు ఎత్తించింది నేనేనన్న మాట బుర్రకు ఎక్కలేదు. కళ్ళు చికిలించుకుని చూస్తుంటే కుడివైపు దూరంగా పసుపుపచ్చగా ఒక చార కనిపించింది. "హమ్మయ్య" అని గట్టిగానే అన్నాను. అటు తిప్పాను. దాని మీదికి వెళ్ళి, కాగితంలో రాసుకున్నట్టే, ధీమాగా ఎడమకు తిరిగాను. అది వేరే ఊరు. ఏ ఊరో నాకు ఈనాటికీ తెలియదు. వాళ్ళకు సలహా చెప్పే ఇమానం పిల్ల ఎవరూ లేరు గనుక, వాళ్ళ వడ్లు వాళ్ళు నిశ్చింతగా ఆరబెట్టుకుంటున్నారు.

కొంతసేపటికి నాగర్‌కర్నూలు పెద్దచెరువు రావలసిన చోట నల్లటి కొండలు లేచాయి. వాటి మీద దట్టమైన అడవి. నల్లమల! ఇంకా ముందుకు పోతే అమ్రాబాద్ పులులకు నమస్కారం పెట్టి రావలసిందే. దారి తప్పితే ఏం చేయాలో మాకు మొదటి నెలలోనే నేర్పారు. పైకెక్కు, రేడియోలో మాట్లాడు, తప్పిపోయానని చెప్పు. పైకెక్కాను. బొటనవేలు రేడియో మీట మీద రెండుసార్లు పెట్టాను. రెండుసార్లూ తీసేశాను. నా గొంతు స్కూల్లో అందరికీ వినిపిస్తుంది. సొంత ఊరి మీదే దారి తప్పిందట అని కుర్చీల్లో కూర్చున్నవాళ్ళందరూ నవ్వుకుంటారు. ఆ క్షణంలో నాకు పులులకంటే ఆ కుర్చీలే ఎక్కువ భయమేశాయి. నోరు మూసుకుని విమానాన్ని పడమరకు తిప్పాను. ఎంత పోయినా హైవే రాదేమో అనిపించింది. ఏడుపొచ్చింది, కొంచెం ఏడ్చాను కూడా. చివరికి లారీల వరస చీమల బారులాగా కనిపించేసరికి ఒక్కొక్క లారీకీ దండం పెట్టాలనిపించింది. పెట్రోలు ముల్లు చూసుకుని, నాగర్‌కర్నూలు ఆశ వదులుకుని, తిన్నగా స్కూలు దారి పట్టాను.

దిగేసరికి నలభై నిమిషాలు ఆలస్యం. సారు రన్‌వే పక్కనే ఎండలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ అట్లా నిలబడడు.

"ఆలస్యమైందేం?" అన్నాడు.

"ఎదురుగాలి సార్" అన్నాను.

ఆయన తలెత్తి గాలి దిక్కు చూపించే గుడ్డగొట్టం వైపు చూశాడు. నేనూ చూశాను. అది కర్రకు అతుక్కుని, కదలకుండా వేలాడుతోంది.

"నాగర్‌కర్నూలు చెరువు నిండిందా?" అన్నాడు సారు.

అవునంటే చాలు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, చెరువులన్నీ నిండే ఉన్నాయి. ఒక్క మాట అంటే నా ప్రయాణం పూర్తయినట్టే. నోటిదాకా వచ్చింది. కాని ఆయన చొక్కా వీపంతా చెమటతో తడిసి ఉంది. ఆ మనిషి నలభై నిమిషాలు నా కోసం ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడన్నది అప్పుడు అర్థమైంది.

"చూడలేదు సార్. నేను అక్కడికి పోలేదు" అన్నాను. తర్వాత అంతా చెప్పాను. వడ్లు, అల్పపీడనం, నా సలహా, వేరే ఊరి వడ్లు, నల్లమల, అన్నీ.

ఆయన కాగితం తీసి 'పసుపు రోడ్డు' అన్న చోట వేలు పెట్టి, "ఇది మట్టిరోడ్డనుకుని నేను సంతకం పెట్టాను" అన్నాడు మెల్లగా. నవ్వుతాడేమోనని ఆశపడ్డాను. నవ్వలేదు. "దారి తప్పడం నాకూ జరిగింది, అందరికీ జరుగుతుంది. పక్కనే రేడియో పెట్టుకుని చెప్పకపోవడం ఏంటమ్మా? నువ్వు రాకపోతే ఎక్కడని వెతకాలి?" అన్నాడు. నేను పైలట్నయినాక కూడా ఇంతకంటే కష్టమైన ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ఒక వారం ఎగరొద్దన్నాడు, ఆ వారమంతా అన్ని విమానాల మంచూ నేనే తుడవాలన్నాడు.

ఇంటికి ఫోను చేసి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. నాయిన మొత్తం విన్నాడు.

"తప్పు మాదే బిడ్డా" అన్నాడు చివరికి. "వడ్లు ఎత్తినమని నీకు మల్ల ఫోన్ జేసి చెప్పాల్సుండె."

"ఎత్తమన్నది నేనే గదా నాయినా!"

"ఎత్తమన్నవ్ గని, ఎత్తినమని నీకేం ఎరుక? సరే తియ్. సారుకు నిజం చెప్పినవా?"

"చెప్పిన."

"ఇంకేంది మల్ల. వారమే గదా, అయిపోతది." తర్వాత జంకుతున్నట్టుగా అడిగాడు. "వాన రాలేదని నిన్న అందరం మల్ల ఆరవోస్తిమి. ఇయ్యాల పొద్దుగాల సంది మబ్బు వట్టింది. ఇప్పుడేం జెయ్యమంటవ్?"

సెల్‌ఫోన్‌లో మ్యాపు తెరవబోయి ఆగాను. ఊరంతా అటువైపు నా మాట కోసం చూస్తున్నట్టే అనిపించింది. "తెల్వదు నాయినా" అన్నాను. ఆ మాట అనడం ఎంత కష్టమైందో చెప్పలేను.

"గట్లనా? తెల్వకుంటే ఎత్తుడే మంచిది" అని నాయిన ఫోను పెట్టేశాడు. వాన ఆ రోజు కూడా రాలేదు. ఊరు రెండోసారి కూడా ఉత్తపుణ్యానికే వడ్లెత్తింది. ఈసారి మాత్రం నన్ను ఎవరూ ఏమీ అనలేదట.

వారం తర్వాత చెరువులూ హైవేలూ గుర్తులుగా రాసుకుని వెళ్ళి, సమయానికి తిరిగొచ్చి, సంతకం పెట్టించుకున్నాను. ఇప్పుడు ప్రయాణికుల విమానంలో కుడివైపు సీట్లో, కో-పైలట్‌గా కూర్చుంటాను. ఏదైనా అనుమానంగా ఉంటే వెంటనే నోరు తెరిచి చెప్పేస్తాను, అందుకు నాతో పనిచేసే కెప్టెన్లు మెచ్చుకుంటారు కూడా. మంచిదే. కాని కుర్చీలోంచి లేచి నిలబడి, గొంతు సవరించుకుని, రేపు తప్పకుండా వాన వస్తుందని ఊరు ఊరంతటికీ చెప్పిన ఆ పదిహేడేళ్ళ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. నవ్వొస్తుంది. నవ్వాక, ఏదైనా ఒక్కటి మళ్ళీ అంత గట్టిగా నమ్మగలిగితే బాగుండునని ఆ పిల్ల మీద కొంచెం అసూయ కూడా కలుగుతుంది.