పున్నమ్మ చేతి తూకం

హంసలదీవి దగ్గర మా పాలెంలో పున్నమ్మత్త నోటికి జడవని మనిషి లేడు. అంగన్‌వాడీ టీచర్నని నాకూ మినహాయింపు లేదు. ఇరవై ఏళ్లుగా అవనిగడ్డ దాకా చేపల గంప మోసిన మనిషి. చేపను చేత్తో ఎత్తి బరువెంతో చెప్పేసేది, కాటా ఆ మాటకు తలూపేది. అలాంటావిడ నేను పిల్లల్ని తూచే కాటా తీస్తే మాత్రం మండిపడేది.

"తూచేది అమ్మకానికి పెట్టినదాన్ని టీచరమ్మా. నా మనవడు అమ్మకానికి లేడు."

తొంభై ఎనిమిదిలో ఆ మనవడు అంజికి అయిదో నెల. వాడి ఏడుపులో బలం లేదు, వింటుంటే నాకు భయమేసేది. నాలుగు నెలలు తిప్పించుకుంది, ఒక్కసారీ తూయనివ్వలేదు. నాకూ ఒళ్లు మండింది. అంజి పుట్టిన వారంలోనే పుట్టిన మా పాలెం మహాలక్ష్మి కూతుర్ని ఎత్తుకుని పున్నమ్మత్త ఇంటికి వెళ్లాను.

"కాటా తేలేదత్తా. ఈ పిల్లని ఒక చేత్తో, నీ మనవణ్ని ఒక చేత్తో పట్టుకుని చూడు, చాలు."

"ఇదేం పరీక్షమ్మా!" అని నవ్వుతూనే ఎత్తుకుంది. నవ్వు సగంలో ఆగింది. పిల్లల్ని ఆ చేతినుంచి ఈ చేతికి మార్చి ఇమ్మంది. మార్చాను.

"కేజీన్నర తక్కువున్నాడు," అంటూ ఆ పిల్లను నాకిచ్చేసి, మనవణ్ని రెండు చేతులా పొదువుకుంది.

మర్నాడు కోడూరు ఆసుపత్రికి తనే వాణ్ని మోసుకొచ్చింది. వెనకాల కోడలు రేవతి, నేను. డాక్టరుగారు వాణ్ని చూసి జబ్బేమీ లేదు, పాలే చాలడం లేదన్నారు. తర్వాత రేవతి వైపు తిరిగారు.

"నువ్వేం తింటున్నావమ్మా?"

"అందరూ తిన్నాక మిగిలిందండీ. అన్నం, పచ్చడి."

పున్నమ్మత్త ముఖం మాడిపోయింది. పాలు పడతాయని బాలింతల ఇళ్లకు వెతికి వెతికి పాలసొర చేప చేరవేసే మనిషి ఆవిడ. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈవిడ రచ్చ గెలిచి ఇల్లు మరిచింది. చెడ్డది కాదు పాపం, మంచి చేపంటే గంపలోకే అన్నది ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. "రేపే పాలసొర తెచ్చి పెడతానయ్యా," అంది.

"పాలసొరే కావాలని లేదమ్మా. పప్పు, గుడ్డు, ఆకుకూర, ఏదైనా సరే, ఈ అమ్మాయికి ముందు పెట్టండి. పిల్లాడు అడిగినప్పుడల్లా పాలివ్వనివ్వండి," అన్నారు డాక్టరుగారు.

ఆనాటి నుంచి పడవ ఒడ్డుకొస్తే ముందు రేవతి కూరకు తీశాకే గంప నిండేది. మగాళ్లు గొణిగితే, "ముందు మనింటి బాలింత, తర్వాతే ఊళ్లోవాళ్లు!" అని కసిరేది. నాకు ఆవిణ్ని వాటేసుకోవాలనిపించేది.

రెండు నెలలు గడిచాయి. అంజికి మెత్తటి పప్పన్నం కూడా మొదలైంది. తూకాల రోజున అందరికంటే ముందు పున్నమ్మత్తే వాణ్ని తీసుకొచ్చింది. చేతిలో ఒకసారి ఎగరేసి, "ఆరుంబావు," అంది. కాటా ముల్లు అక్కడే ఆగింది.

నేను ఊరుకుంటానా? "అమ్మకానికి లేడుగా అత్తా, మరి తూయిస్తున్నావేం?"

ఆవిడ నవ్వలేదు. ముల్లు వైపే చూస్తూ అంది.

"వాణ్ని కాదమ్మా. నన్ను తూచుకుంటున్నా."