చూద్దాం తీ

మా వియ్యంకుడి ఊరు అచ్చంపేట అవతల, అడవి అంచున. తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు ఒక దసరాకు కోడలిని తీసుకొని అక్కడికి వెళ్లాం. నేను జిల్లా పోలీసుల తుపాకులు బాగుచేసే పనిలో ఉండి రిటైరైనవాణ్ని. ఆ సంగతి ఆయన ఊరందరికీ గొప్పగా చెప్పుకునేవాడు.

ఆయుధపూజ కోసం గడ్డపార, నాగలి కర్రు, ట్రాక్టరు తాళంచెవి వరుసగా పెట్టారు. వాటి పక్కన వాళ్ల నాయిన నాటి పాత మిలటరీ రైఫిలు. లైసెన్సు ఉంది కానీ ఏళ్లుగా పేల్చలేదు. కుంకుమ పెట్టకముందే దాన్ని నా చేతికిచ్చాడు.

"జర చూడు బావ. పందులు పల్లి చేనంత తవ్వుతున్నయ్. గాల్లకు ఒక్కటి పేలిస్తే మల్ల ఇటు రావు."

తుపాకి వెనక తూటాను మూసే బోల్టు తీసి, గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తి వెనక నుంచి చూశాను. మెరిసే గొట్టం మధ్యలో నల్లని ఉంగరం లాంటి నీడ. ఎప్పుడో లోపల మట్టో గుడ్డో అడ్డుపడి ఉండగా పేల్చారు. అక్కడ ఇనుము ఉబ్బింది. పైన కర్ర కప్పి ఉంది కనుక బయటికి తెలియదు. మళ్లీ పేలిస్తే అక్కడే చీలవచ్చు. సర్వీసులో అయితే మారుమాట లేకుండా పక్కన పెట్టేవాణ్ని.

కానీ చుట్టూ ఆయన తమ్ముళ్లు కూర్చున్నారు. "మా నాయిన ఒక్క దెబ్బకు..." అంటూ ఆయన అప్పటికే కథ మొదలుపెట్టాడు. పండుగపూట, వాళ్ల నాయిన తుపాకి పనికిరాదని నోరు రాలేదు. బోల్టు మళ్లీ పెట్టి, "చూద్దాం తీ బావ" అన్నాను. మా నల్లగొండ వైపు పిల్లనడిగినా, ఎద్దులడిగినా, ఆ మాటంటే కాదనే అర్థం.

భోజనాలయ్యాక చేతులు కడుక్కుంటుంటే ఇంటి వెనక చేనులోంచి నవ్వులు వినిపించాయి. చూస్తే, గట్టు మీద వియ్యంకుడు రైఫిలు భుజానికి ఆనించి నిలబడ్డాడు. ఆయనకు ఆనుకున్నట్టే వెనక నా కోడలు, ఫోనులో వీడియో తీస్తూ.

"బావా, ఆగు! పేల్చకు!" అని తడి చేతులతో పరుగెత్తాను. ధోవతి కాళ్లకు చుట్టుకొని గట్టు కింద పడ్డాను.

"రిటైరైన పోలీసాయనకు తుపాకి సప్పుడంటె గింత భయమా!" అన్నాడు ఒక తమ్ముడు. అందరూ నవ్వారు.

వియ్యంకుడు రైఫిలు దించాడు. "నువ్వే గద బావ, 'చూద్దాం, తీ' అన్నవ్. గందుకే తీసిన!"

ముందు తూటా బయటికి తీయించాను. ఇనుప కడ్డీకి గుడ్డపీలిక బిగుతుగా చుట్టి ఆయన చేతికే ఇచ్చి, గొట్టంలోకి తోయమన్నాను. బిగుతుగా పోతున్నది ఒకచోట ఉన్నట్టుండి వదులైంది. వెనక్కి లాగి మళ్లీ తోశాడు. మళ్లీ అక్కడే. నవ్వులు ఆగిపోయాయి.

"గిది నీకు పొద్దుగాల్నే ఎరుకనా?"

"ఎరుకే."

"నా బిడ్డ గీడనే నిలబడ్డది గద బావా."

ఆయన తిట్టి ఉంటే కొంత తేలికయ్యేది. తిట్టలేదు. తుపాకిని ఠాణాలో అప్పగించడానికి నేనూ తోడు వెళ్లాను. ఎందుకిస్తున్నావని అక్కడివాళ్లు అడిగితే, "లోపల చెడిందని మా బావ చూసి చెప్పిండు" అన్నాడు. ఎప్పుడు చెప్పానో చెప్పలేదు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

నా డైరీలో ఆ రోజు కింద గొట్టం సంగతి వివరంగానే ఉంది. నేను పడ్డ సంగతి కూడా ఉంది. కోడలు ఎక్కడ నిలబడిందో మాత్రం రాయలేకపోయాను.

ఇంటికొచ్చాక కోడలు అన్నం వడ్డిస్తూ గిన్నె పట్టుకొని ఆగింది.

"ఇంకింత పెట్టాల్నా మామా?"

"చూద్దాం..." అనబోయి ఆమె ముఖం చూశాను.

"వద్దు బిడ్డా" అన్నాను.