గోరంత పుల్ల

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. నా పాదం కొలిచిన చీపురుపుల్లను, తాత చేతికి ఇచ్చే ముందు, గోరంత తుంచేశాను. డైరీలో కూడా రాసుకోలేదు.

ఈ సాయంత్రం చిక్కబళ్ళాపురలో చెప్పుల అంగట్లో కూర్చున్నప్పుడు అది గుర్తొచ్చింది. గది నుంచి ఆఫీసుకు తొక్కుదామని సైకిలు కొని నెల దాటింది. బూట్లు మాత్రం రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేస్తున్నాను. అంగట్లో అమ్మాయి కన్నడలో సైజు అడగ్గానే నా నోట్లోంచి ఒక నంబరు తక్కువే వచ్చింది. ఆమె పెట్టె తెచ్చేలోపు లేచి వెళ్ళిపోదామా అని రెండుసార్లు అనుకున్నాను.

అప్పుడు నేను బాగేపల్లిలో పి.యు.సి. మొదటి సంవత్సరం. మా ఊరు గూళూరు దారిలో, రోడ్డుకు లోపలగా ఉంటుంది. బస్సు కాలేజీ వేళకు అందదు. హైస్కూల్లో ఇచ్చిన సైకిలే దిక్కు. హవాయి చెప్పులతో తొక్కితే మెత్తటి అడుగు పెడలు మీద వంగిపోయి అరికాలు మండేది. బూట్లు తెస్తానన్నాడు తాత. చెప్పుల కోసం ఆడవాళ్ళు అంగడికి పోయే అలవాటు మా ఇంట్లో లేదు. సంతకు పోయే మగవాళ్ళకు కొలతపుల్ల ఇచ్చి పంపుతారు, అంతే. అవ్వ నా మడమ దగ్గర పుల్ల ఆనించి, బొటనవేలి కొసన విరిచింది. దాన్ని పైకెత్తి చూసి, ఇంక మీ తాతకూ నీకూ ఒకే జత చాలని నవ్వింది. ఆ నవ్వుకే నేను పెరట్లోకి పోయి పుల్ల తుంచాను.

బూట్లు పుల్లకు సరిగ్గా సరిపోయాయి. సగం దారికే నా వేళ్ళు తిమ్మిరెక్కి, కాలు ఉందో లేదో తెలిసేది కాదు. దిగి, వేరుశనగ చేను గట్టున కూర్చుని బూట్లు విప్పుకునేదాన్ని. ఆ వారంలో రెండుసార్లు మొదటి క్లాసు తప్పింది. "కాళ్ళు నొస్తాంటే కాలేజీ మానుకోమ్మే, ఇంట్లో పని ల్యాదా?" అంది అవ్వ. మానితే కాలేజీ లైబ్రరీలో సగం చదివిన పుస్తకాలన్నీ సగంలోనే ఉండిపోతాయి. కూర్చున్నచోట కూర్చోలేక ఇల్లంతా తిరిగాను. నిజం చెబితే సరిపోయేది. 

తాత తప్పంతా సైకిలు మీద వేశాడు. సీటు ఎత్తాడు, దించాడు. పెడళ్ళకు పాత ట్యూబు చుట్టాడు. పాదం నడిమితో కాదు, వేళ్ళ మొదళ్ళతో తొక్కాలని అరుగు మీద కూర్చుని తన కాలెత్తి చూపించాడు. చివరికి అంగడాయనతో పోట్లాడటానికి బూట్లూ పుల్లా పట్టుకుని బాగేపల్లికి పోయాడు. రెండూ సరిగ్గా సరిపోయేసరికి పోట్లాడకుండానే తిరిగొచ్చి, నా పాదాల వైపు చాలాసేపు చూశాడు. "రేపు మాపుటేళకు నువ్వే రామ్మా. పొద్దంతా తిరిగినాంక కాళ్ళు ఉబ్బుతాయి, అప్పుడు తొడిగి సూడల్ల," అన్నాడు.

మరునాటి సాయంత్రం బాగేపల్లి అంగట్లో నేను పాదాలు బల్ల కిందికి దాచుకున్నాను. తాత బూట్లను ఒక్కొక్కటే వంచి చూసి, మెత్తగా వంగినవన్నీ పక్కన పెట్టాడు. వంగని జత నాకు తొడిగించి, వేళ్ళ ముందు తన బొటనవేలితో నొక్కి, అక్కడ కాస్త చోటుంటేనే తలూపాడు. ఇంటిదాకా పెట్టె మీది నంబరును అరచేత్తో మూసి పట్టుకున్నాడు. రెండేళ్ళూ ఆ బూట్లతోనే కాలేజీకి తొక్కాను.

ఇవాళ అమ్మాయిని ఆపి, ఒక నంబరు పెద్దది తెమ్మన్నాను. గదికి వచ్చాక కూడా కూర్చోబుద్ధి కావడం లేదు. కొత్త బూట్లతో గోడ నుంచి గోడకు నడుస్తున్నాను. సైకిలు కొన్నరోజు తాతకు ఫోను చేశాను. ఆ తర్వాతి వారమే ఆయన పోయాడు. ఏళ్ళు గడిస్తే చిన్న అబద్ధాలు వాటంతటవే అరిగిపోతాయనుకునేదాన్ని. ఆయన మటుకు నా అబద్ధాన్ని అన్నేళ్ళూ భద్రంగా పెట్టుకున్నాడు. ఫోను పెట్టేసే ముందు, బూట్లు కూడా కొంటాండావా అని అడిగి, చిన్నగా నవ్వి, అన్నాడు:

"ఈతూరి పుల్ల తుంచొద్దమ్మా."